మూత్రపిండ వ్యాధిని గుర్తించిన రిచర్డ్ బ్రైట్

ఒళ్లంతా నీరు పట్టి ఉబ్బిన రోగిని చూచి పూర్వపు వైద్యులు ఆ ఉబ్బునే వ్యాధి అనుకొనేవారు. ఉబ్బు చిహ్నం మాత్రమేనని, అనేకుల విషయంలో మూలం మూత్రపిండాలలో ఉన్నదని నిరూపించిన వైద్యుడు రిచర్డ్ బ్రైట్.

ఆయన 1789లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో సంపన్న వర్తక కుటుంబాన జన్మించారు. ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించారు. 1810లో ఐస్‌లాండ్ యాత్ర చేశారు. 1818లో వెలువడిన ఆయన హంగరీ యాత్రాగ్రంథానికి బొమ్మలు గీసినదీ ఆయనే. చూచినది చూచినట్లు గీయగల ఆ కన్నే తరువాత వైద్యానికి అక్కరకు వచ్చింది.

1820లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో సహాయ వైద్యులుగా చేరి, 1824లో పూర్తిస్థాయి వైద్యులయ్యారు. ఆయన పరీక్షకు కావలసినవి చెంచా, కొవ్వొత్తి. ఉబ్బుతో వచ్చినవారి మూత్రాన్ని చెంచాలో పోసి వేడిచేసేవారు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్లు అది తెల్లగా పేరుకొంటే, రక్తంలో నిలవవలసిన ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతున్నదన్నమాట. అటువంటి రోగులు మరణించినప్పుడు శవపరీక్ష జరిపితే మూత్రపిండాలు చెడిపోయి కనిపించేవి. పడక వద్ద చూచినదానిని, మరణానంతరం కనుగొన్నదానిని జతపరచి, 1827లో రంగుల చిత్రాలతో గ్రంథం ప్రకటించారు. రసాయన పరీక్షలలో జాన్ బోస్టాక్ తోడ్పడ్డారు. 1836లో నూరుగురు రోగుల వివరాలను పట్టికగా కూర్చారు. వారిలో పలువురి గుండె కండరం మందమై ఉండటం ఆయన దృష్టిని తప్పించుకోలేదు. రక్తపోటు కొలిచే సాధనం వాడుకలో లేని రోజులవి! 1842లో ఈ రోగుల కోసమే గైస్‌లో 42 పడకలు కేటాయించారు.

ఇంతటి నిపుణుని చేతిలో చికిత్స మాత్రం శూన్యమే. నెత్తురు తీయడం, విరేచనాలు చేయించడం తప్ప ఆనాడు గతి లేదు. చక్కెర వ్యాధిని, రక్తపోటును అదుపులో ఉంచి, తగిన మందులతో క్షీణతను నెమ్మదింపజేయడం, చివరి దశలో డయాలసిస్, మూత్రపిండ మార్పిడి తరువాతి కాలపు వరాలు.

మూత్రంలో ఆల్బుమిన్ వెదకడం నేటికీ తొలి పరీక్షలలో ఒకటి. అయితే అదొక్కటే చాలదు. ఒడిశా సరిహద్దుకు చేరువన ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పలువురిని పీడిస్తున్న, కారణం తేలని మూత్రపిండ వ్యాధిలో ఆల్బుమిన్ సాధారణంగా స్వల్పంగానే పోతుంది. చెంచాలో తెలుపు కనిపించకున్నా రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉండవచ్చు. కాబట్టి రెండు పరీక్షలూ అవసరమే.

బ్రైట్ 1858 డిసెంబరు 16న గుండె జబ్బుతో కన్నుమూశారు. మూత్రపిండ వ్యాధిని ఆ తరువాత అనేక దశాబ్దాలపాటు వైద్యలోకం బ్రైట్ వ్యాధి అనే పిలిచింది.