మంచు తరిమిన పిట్టలు, వాటి వెంట సలీం అలీ

జనవరి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన సీనియర్ల స్టేటస్‌లు అన్నీ ఒకేలా ఉంటాయి. మోకాలి లోతు మంచు, పెరట్లో వేలాడే గింజల డబ్బా, దాని మీద కొట్టుకుంటున్న పిట్టలు. చూడటానికి ముద్దుగా ఉంటుంది కానీ అక్కడ జరిగేది ముద్దు వ్యవహారం కాదు. చిన్న పిట్టకు చలి కన్నా ఆకలే పెద్ద శత్రువు. ఈకలు ఉబ్బించుకుని చలిని చాలావరకు తట్టుకుంటుంది, కానీ రాత్రంతా ఒంట్లో వేడి నిలబెట్టాలంటే పగలు తిన్న కొవ్వంతా ఖర్చయిపోతుంది. తెల్లారేసరికి బ్యాటరీ దాదాపు జీరో. మళ్ళీ ఛార్జ్ చేసుకుందామంటే గింజలూ పురుగులూ అన్నీ మంచు కింద. ఒక్కరోజు తిండి లేకపోతే రెండో రాత్రి గడవదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చికడీ అనే చిన్న పిట్టల మీద చేసిన ఒక స్టడీలో, గింజలు పెట్టిన చోట చలికాలం దాటినవి 69 శాతం, పెట్టని చోట 37 శాతం. తేడా అంతా బాగా గడ్డకట్టే నెలల్లోనే వచ్చింది.

మరి గింజల డబ్బాలు లేని దేశాల పిట్టలు ఏం చేస్తాయి? సైబీరియా, మధ్య ఆసియాలోవి రెక్కలు కట్టుకుని మన దగ్గరికి వస్తాయి. నవంబర్ నుంచి మార్చి దాకా మన చెరువుల మీద కనిపించే బాతుల్లో చాలావరకు ఈ బాపతే. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏం తింటున్నాయి, ఎప్పుడు వెళ్తున్నాయి అని మన దేశంలో ఒకాయన జీవితమంతా వాటి వెంట తిరిగాడు. అది కూడా సైన్స్ డిగ్రీ లేకుండా. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఉన్నాం కాబట్టి ఈ నెల ఆయన కథ రాద్దామనిపించింది.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టాడు. పెద్ద కుటుంబంలో అందరికన్నా చివరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. వాళ్ళకు పిల్లలు లేరు. మామకు వేట అంటే ప్రాణం, అందుకే పిల్లాడి చేతికి ఎయిర్‌గన్ వచ్చింది. బొంబాయిలో పిచ్చుకలకు కొదవ లేదు కదా!

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పదేళ్ళ వయసులో సలీం ఒక పిచ్చుక గూడును గమనించాడు. గూట్లో ఆడపిచ్చుక, బయట కాపలా మగపిచ్చుక. మగదాన్ని కాల్చేశాడు. కాసేపటికి ఆడది ఇంకో మగదాన్ని తెచ్చుకుంది. దాన్నీ కాల్చాడు. అలా ఏడు రోజుల్లో ఎనిమిది. ఈ లెక్కంతా నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాడు. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది నిజమే, కానీ ఆ వయసు పిల్లాడు ఎవడైనా కాల్చినవి లెక్కపెట్టి గొప్పలు చెప్పుకుంటాడు. వీడు మాత్రం కాపలా పిట్ట పోతే ఏం జరుగుతుంది అని రాసుకున్నాడు. ఆ నోట్ దాదాపు అరవై ఏళ్ళ తర్వాత ఒక పత్రికలో అచ్చయింది కూడా.

ఒకరోజు పడ్డ పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని మామను అడిగితే ఆయనకూ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడి సెక్రటరీ మిల్లార్డ్ అనే తెల్లదొర. పిల్లాడిని పొమ్మనకుండా కూర్చోబెట్టి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, సొరుగులు తీసి వరసగా పేర్చిన పిట్టల చర్మాలన్నీ చూపించాడు. పుస్తకాలు ఇచ్చాడు. చర్మం ఒలిచి భద్రపరిచే పని నేర్పించాడు. తర్వాత జరిగిందంతా ఆ సొరుగులోంచే వచ్చిందనుకోవచ్చు.

చదువు మాత్రం అంతంతే. తలనొప్పులతో బడి మధ్యలో ఆగిపోయింది, 1913లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కాడు. లెక్కలంటే భయం. కాలేజీ వదిలి బర్మాలోని తవాయ్‌లో కుటుంబానికి ఉన్న టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్ళాడు. వ్యాపారం కన్నా అడవిలో పిట్టలే ఎక్కువ చూశాడని వేరే చెప్పక్కర్లేదు. 1917లో తిరిగి వచ్చి కామర్స్ చదువుతూ, పక్కనే సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జువాలజీ పాఠాలు విన్నాడు. 1918 డిసెంబర్‌లో తెహ్మీనాతో పెళ్ళి. ఆవిడ ఇంగ్లండ్‌లో చదువుకున్న మనిషి. తర్వాత ఇరవై ఏళ్ళు టెంట్లలో, ఎడ్లబండ్ల వెనక ఆయనతో తిరిగింది. ఇంకొకరైతే ఏదైనా మంచి జీతం చూసుకో అని పోరు పెట్టేవారేమో, ఆవిడ పెట్టలేదు.

ఇక అసలు దెబ్బ. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పిట్టల నిపుణుడి పోస్టుకు అప్లై చేశాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదని తీసుకోలేదు. ఎలిజిబిలిటీ క్రైటీరియా! 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల ఉద్యోగం దొరికింది. రెండేళ్ళకు దాని మీదా విసుగొచ్చి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళాడు. అక్కడ ఎర్విన్ స్ట్రెసెమాన్ అప్పటికే పెద్ద పేరున్న పక్షి శాస్త్రవేత్త. సలీం అలీ బతికినంతకాలం ఆయన్నే గురువు అనుకున్నాడు. ఉత్తర సముద్రంలో హెలిగోలాండ్ అనే చిన్న దీవి ఉంది, వలస పిట్టలు దారిలో దిగే చోటు. అక్కడే పిట్టల కాళ్ళకు నంబర్ వేసిన రింగులు తొడగడం నేర్చుకున్నాడు. మనం యూనిక్ ఐడీ అంటాం కదా, అదే. ఒక పిట్ట ఎక్కడ ఎగిరింది, ఎక్కడ దొరికింది అన్న రెండు ఎంట్రీలు కలిస్తే ఒక దారి తెలుస్తుంది.

1930లో ఇండియా తిరిగొచ్చేసరికి డబ్బులు లేవని ఉద్యోగమే ఎత్తేశారు. పెళ్ళయి పన్నెండేళ్ళు, చేతిలో బెర్లిన్ ట్రైనింగ్, జీతం సున్నా. బొంబాయిలో అద్దె కట్టలేక సముద్రం అవతల కిహీమ్ అనే ఊళ్ళో తెహ్మీనా వాళ్ళ ఇంటికి మారారు. ఇంటి పక్కనే గిజిగాళ్ళ గూళ్ళు. మనకు గిజిగాడు అంటే జాషువా గారి పద్యంతో తెలుసు, పనితనానికి గుర్తు. సలీం అలీ నెలల తరబడి నిచ్చెన మీద కూర్చుని దాని సంసారం చూశాడు. మగ గిజిగాడు గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడవి వచ్చి ఇన్‌స్పెక్షన్ చేసి, ఒకటి నచ్చి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తి. అది గుడ్లు పెట్టగానే ఈయన పక్క కొమ్మ మీద రెండో గూడు మొదలు. ఈ సంగతి అంతకుముందు ఎవరూ సరిగ్గా పట్టుకోలేదు. నిరుద్యోగంలో చేసిన ఈ పనే ఆయనకు పేరు తెచ్చింది.

తర్వాతి అడుగు మన నేల మీదే పడింది. సంస్థానాల్లో పిట్టల సర్వే ఎవరూ చేయలేదు, జీతం అక్కర్లేదు, క్యాంపుల ఖర్చు భరిస్తే చాలు అన్నాడు సలీం అలీ. మొదట సరేనన్నది నిజాం సర్కారు. 1931, 32లో హైదరాబాద్ స్టేట్ ఆర్నిథలాజికల్ సర్వే జరిగింది. నల్లమలలో చెంచుల ఊళ్ళున్న అమ్రాబాద్ పీఠభూమి మీద మన్ననూరు, ఫరహాబాద్ నుంచి, అప్పటి వరంగల్ జిల్లా అడవుల దాకా తిరిగాడు. అప్పటి వరంగల్ జిల్లా అంటే ఇప్పటి ఖమ్మం కూడా అందులోదే, 1953లోనే అది విడిపోయింది. హసన్‌పర్తిలో కూర్చుని ఇది రాస్తుంటే కొంచెం గమ్మత్తుగానే ఉంది. మనం బీటెక్ నాలుగేళ్ళలో పాకాల చెరువుకు వెళ్ళేది ఫొటోల కోసం.

క్యాంపు పని రొమాంటిక్‌గా ఏం ఉండేది కాదు. తెల్లారకముందే లేచి అడవిలోకి, మధ్యాహ్నం కాల్చిన పిట్టల చర్మాలు ఒలుచుడు, కొలుచుడు, కడుపు కోసి ఏం తిన్నదో చూసుడు, చీటీ రాసి కట్టుడు. ఏం తిన్నదో అన్న కాలమ్ ఆయనకు ముఖ్యం. పిట్ట పేరు ఒక్కటే రాసి ఊరుకునే పాతకాలం వాళ్ళతో ఆయనకు పేచీ అక్కడే. ఆ చర్మాలను ఇంగ్లండ్‌లో హ్యూ విజ్లర్ అనే నిపుణుడు పరిశీలించాడు. ఆయన రాసిన దాంట్లో తప్పులుంటే ఈ పేరులేని ఇండియన్ మొహమాటం లేకుండా ఎత్తి చూపేవాడు. విజ్లర్‌కు మొదట్లో కోపం వచ్చింది, తర్వాత చెక్ చేసుకుని ఒప్పుకున్నాడు, ఆఖరికి స్నేహితుడయ్యాడు. రిపోర్ట్ 1933, 34లో సొసైటీ జర్నల్‌లో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, ఇంకా చాలా చోట్లకు ఇదే పద్ధతిలో వెళ్ళాడు.

పిట్టలను ప్రేమించే మనిషి వేలకొద్దీ పిట్టలను చంపడం ఏంటి అని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ చనిపోయిన పిట్టల కొలతల నుంచి ఏం తెలుస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. సలీం అలీకి ఏడాదిన్నర కూడా నిండని రోజుల్లో, 1898 ఫిబ్రవరి 1న, అమెరికాలో ప్రావిడెన్స్ ఊరి మీద పెద్ద మంచు తుఫాను పడింది. నేల మీద సగం చచ్చి పడున్న 136 పిచ్చుకలను బ్రౌన్ యూనివర్సిటీకి తెచ్చారు. 72 తేరుకున్నాయి, 64 పోయాయి. హెర్మన్ బంపస్ అనే ప్రొఫెసర్ బరువు, పొడవు, ఎముకలు అన్నీ కలిపి తొమ్మిది కొలతలు తీసి మొత్తం టేబుల్ అచ్చు వేశాడు. మరీ పెద్దవి, మరీ చిన్నవి ఎక్కువగా పోయాయని ఆయన తేల్చాడు. ఆ డేటాసెట్ మీద ఇప్పటికీ స్టాటిస్టిక్స్ వాళ్ళు పేపర్లు రాస్తూనే ఉన్నారు, మల్టీవేరియేట్ పుస్తకాల్లో కూడా ఉంటుంది. కొలిచి దాచిపెడితే వందేళ్ళ తర్వాత ఎవడో కొత్త ప్రశ్న అడగొచ్చు. సలీం అలీ చీటీలు కూడా అలాంటివే.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయింది. పిల్లలు లేరు. ఆయనకు నలభై రెండేళ్ళు. చెల్లాచెదురైన మనిషిని అక్క కమూ, బావ హసన్ అలీ తమ ఇంటికి తెచ్చుకున్నారు. మిగతా జీవితమంతా ఆ కుటుంబంతోనే. రెండేళ్ళకు, 1941లో, ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. బొమ్మ చూసి పిట్టను గుర్తుపట్టే పుస్తకం. రాజులకూ దొరలకూ తప్ప దొరకని విద్య మామూలు జనం చేతికి వచ్చింది. అమెరికన్ డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల హ్యాండ్‌బుక్ 1974లో ముగించాడు. అప్పటికి ఆయనకు 77 దాటాయి.

మధ్యలో బైకుల సంగతి వదిలేస్తే మన హాస్టల్ వాళ్ళు నన్ను క్షమించరు. ఆయనకు మోటార్‌సైకిళ్ళ పిచ్చి. హార్లేలు కూడా నడిపాడు. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రవేత్తల మహాసభకు తన సన్‌బీమ్ బైకును ఓడలో వేయించుకుని వెళ్ళి, యూరప్ రోడ్ల మీద తొక్కాడు. వయసు 53.

హెలిగోలాండ్‌లో నేర్చుకున్న రింగుల పని ముప్పై ఏళ్ళు ఆగింది, డబ్బుల్లేక. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకొచ్చింది. కర్ణాటకలో క్యాసనూర్ ఫారెస్ట్ జ్వరం వచ్చింది, వలస పిట్టలే వైరస్ మోసుకొచ్చాయా అని వాళ్ళ అనుమానం. ఆయన ఆ డబ్బుతో భరత్‌పూర్ లాంటి చోట్ల వేల పిట్టలకు రింగులు వేయించాడు. భరత్‌పూర్‌లో రింగు వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికాయి. మంచు నుంచి వచ్చినవి మంచు కరిగాక ఇంటికెళ్తున్నాయని కాగితం మీద రుజువైంది.

ఆ భరత్‌పూర్ విషయంలోనే ఆయన మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. మహారాజుల బాతుల వేట మైదానాన్ని పొలాలుగా మార్చకుండా నెహ్రూ దాకా వెళ్ళి కాపాడింది ఆయనే, నిజం. అది నేషనల్ పార్క్ అయ్యాక 1982లో పశువులను మేపడం ఆపేశారు. ఆయన కూడా దాన్నే కోరాడు. తరాలుగా గేదెలు మేపుకుంటున్న ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. తర్వాత సొసైటీ వాళ్ళ సుదీర్ఘ పరిశోధనలోనే తేలింది ఏంటంటే, గేదెలు లేకపోయేసరికి గడ్డి నీళ్ళ మీద అల్లుకుపోయి పిట్టలకే తిండి దొరకడం కష్టమైంది. గిజిగాడి గూడు దగ్గర నెలలు కూర్చున్న ఓపిక ఆ ఊళ్ళ దగ్గర కూర్చోలేదు. అయితే ఆ ఫలితాన్ని దాచకుండా బయటపెట్టింది ఆయన సంస్థే అన్నది కూడా చెప్పాలి.

గౌరవాలు ఆలస్యంగా, కుప్పలుగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. గెట్టీ ప్రైజ్ 50,000 డాలర్లు వస్తే ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశాడు. డిగ్రీ లేదని ఉద్యోగం ఇవ్వని దేశంలో అలీగఢ్, ఢిల్లీ తర్వాత 1978లో మన ఆంధ్రా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1985లో రాజ్యసభకు నామినేట్ చేశారు. అదే ఏడు ఆత్మకథ వచ్చింది, దాని పేరులోనూ పిచ్చుకే.

చివరి సంవత్సరాల్లో ఆయన సొసైటీ వాళ్ళు మళ్ళీ తెలుగు నేలకు వచ్చారు. కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట మీద పని చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందని అందరూ వదిలేసిన కలివి కోడి కోసం కడప అడవుల్లో వెతికారు. రాత్రిపూట తిరిగే పిట్ట అది. చివరికి 1986 జనవరిలో, పుస్తకాలకన్నా ఆ అడవి ఎక్కువ తెలిసిన స్థానికుడి సాయంతో, టార్చ్ వెలుగులో దొరికింది. అప్పటికి సలీం అలీ తొంభైకి దగ్గరపడ్డాడు, క్యాన్సర్‌తో ఉన్నాడు. 1987 జూన్ 20న బొంబాయిలో చనిపోయాడు.