మఖ్దూం మొహియుద్దీన్: హుజూర్‌నగరు తీర్పు

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రవేశించు యువకులు నేడును శాసనసభలను గూర్చి, ఎన్నికలను గూర్చి వాదించుకొనుచునే యుందురు. ఏ నియోజకవర్గమున ఏ కులమువా రెందరు, ఏ మతమువా రెందరు అను లెక్కలే ఆ వాదములలో తరచుగా వినవచ్చుచుండును. ఈ లెక్కలకు లొంగని యొక ఎన్నిక మన చరిత్రలో కలదు. ఈ విశ్వవిద్యాలయమున చదివిన యొక ఉర్దూ కవిని హుజూర్‌నగరు తెలుగు రైతులు తమ ప్రతినిధిగా నెన్నుకొనిరి. ఆయన జీవితమును నేడు స్మరింపదలచితిమి.

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెదకు జిల్లా ఆందోలులో జన్మించెను. పసితనముననే తండ్రి గతింపగా పినతండ్రి సంరక్షణమున పెరిగెను. పేదరికము ఆయన గ్రంథములలో చదివి తెలిసికొన్న విషయము కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియాలో చేరి 1936లో ఎం.ఏ. పట్టమందెను. నేడు మనము చూచు ఆర్ట్స్ కళాశాల సౌధమున కప్పటికి శంకుస్థాపన జరిగి రెండేండ్లే. అది 1939లో గాని ప్రారంభింపబడలేదు. ఆంగ్లమును కాదని దేశభాషయగు ఉర్దూలో ఉన్నతవిద్య గరపిన ఆ విశ్వవిద్యాలయ ప్రయోగము ఘనమైనదే. కాని రాజ్యమున అత్యధిక సంఖ్యాకులు మాటలాడు తెలుగునకు ఆ గౌరవము దక్కలేదు. ప్రజల భాష యొకటి, ప్రభుత్వ భాష మరియొకటి యగుట నాటి తెలంగాణము అనుభవించిన వ్యథలలో నొకటి.

చదువు ముగిసిన పిమ్మట మఖ్దూమునకు సిటీ కళాశాలలో ఉపన్యాసకత్వము లభించెను. సుఖముగా గడుపదగిన ఆ యుద్యోగమును విడిచి ఆయన కార్మికులలో చేరెను. కమ్యూనిస్టు ఉద్యమమును, కార్మిక సంఘములను హైదరాబాదున నిర్మించినవారిలో ప్రముఖుడయ్యెను. 1944లో ఆయన ప్రథమ కవితాసంపుటము ‘సుర్ఖ్ సవేరా’ వెలువడెను. ఆ తరువాత అజ్ఞాతవాసము, కారాగారవాసము రెండును అనుభవించెను. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణా సాయుధ పోరాటమునకు నల్లగొండ జిల్లా ఆయువుపట్టు. హుజూర్‌నగరు నాడు ఆ జిల్లాలోనిదే.

1952లో హైదరాబాదు రాష్ట్రమునకు వయోజన వోటుతో తొలి ఎన్నికలు జరిగెను. శాసనసభ స్థానములు 175. కమ్యూనిస్టు పార్టీపై రాష్ట్రమున నిషేధ ముండుటచే దాని అభ్యర్థులు ప్రజాతంత్ర కూటమి పేరున నిలిచిరి. మఖ్దూం రాజధానీనగరమున పోటీచేసి ఓడిపోయెను. హుజూర్‌నగరున అదే కూటమికి చెందిన డాక్టరు జయసూర్య గెలుపొందెను. సరోజినీనాయుడుగారి కుమారుడగు జయసూర్య మెదకునుండి లోకసభకు సైతము ఎన్నికై, శాసనసభ స్థానమును వదలుకొనెను. అంతట వచ్చిన ఉపఎన్నికలో హుజూర్‌నగరు ప్రజలు మఖ్దూమును గెలిపించిరి.

ఇందలి విశేషము పాఠకులు గమనింతురు గాక. ఉర్దూ వెల్లివిరిసిన నగరము ఉర్దూ కవిని కాదనెను. తెలుగు పల్లెలు ఆయనను తమవానిగా స్వీకరించెను. ఆ విజయము కవిది కాదు, ఉద్యమబలముదే యని కొంద రనవచ్చును. అందు సత్యము లేకపోలేదు. ఐనను ఆ యుద్యమమునకు బలమిచ్చినవారు ఆ రైతులే. నిజాము పాలనాకాలమున ఉర్దూ వారికి కచేరీల భాష, పోలీసుల భాష. ఆ భాషలో కవిత్వము చెప్పు ముస్లిమును వారు శత్రువుగా నెంచలేదు. పాలకుని వేరుగను, పాలకుని భాషను వేరుగను చూడగల వివేకము వారికుండెను. తరతమ భేదము లెరిగిన ఈ తీర్పును అక్షరాస్యత లేనివారి తీర్పని తేలికపరచుట న్యాయము కాదు.

1956లో హైదరాబాదు రాష్ట్రమే అంతరించెను. హుజూర్‌నగరు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కొంతకాలము నిలిచి, 1978 ఎన్నికల నాటికి నియోజకవర్గముల పట్టికనుండి తొలగెను; పునర్విభజనానంతరము 2009లో మరల వెలసెను. మఖ్దూం శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడై, 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూసెను. ‘బిసాతె రక్స్’ కావ్యసంపుటమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఆ సంవత్సరపుదే.

నియోజకవర్గముల సరిహద్దులు గీయువారు గీయుచుందురు, చెరుపువారు చెరుపుచుందురు. కాని పటముపై గీతలు మారినంతమాత్రమున అచ్చటి ప్రజలొసగిన తీర్పు చెరగిపోదు. అభ్యర్థి పుట్టుక నడుగక, ఆతడు తమ పక్షమున నిలిచెనా లేదా యని హుజూర్‌నగరు రైతులు అడిగిరి. వోటుహక్కుకు కొత్తవారైన ఆ పల్లెప్రజలు అడుగగలిగిన ఆ ప్రశ్నను, విశ్వవిద్యాలయములలో చదువుకొన్నవారు అడుగజాలకపోవుట మనకు గౌరవము కాదు. ఉస్మానియా విద్యార్థులు తమ వాదములకు ఆ ప్రశ్నతోనే నాంది పలుకుదురు గాక.