బిల్లుకు కాపలా కాసిన స్పీకరు – కీ.శే. మాడభూషి అనంతశయనం అయ్యంగారు

మనవాళ్ళకు బిల్లు అనగానే జ్ఞాపకం వచ్చేవి వేరు. జీతం బిల్లు, టి.ఎ. బిల్లు, కంటింజెంటు బిల్లు, రిటైరయ్యాక మెడికల్ రీయింబర్సుమెంటు బిల్లు. ట్రెజరీలో కొర్రీ పడకుండా పాసైతే చాలు భగవంతుడా అనుకుంటూ సర్వీసంతా గడిపాము. ఆ బిల్లులకు మూలమైన నియమాలు, ఆ నియమాలకు మూలమైన చట్టాలు మరొక రకం బిల్లులుగా పుడతాయి. అవి కూడా కొర్రీలు దాటుకొనే వస్తాయి. అయితే అక్కడ కొర్రీ వేసేది ట్రెజరీ అకౌంటెంటు కాదు, చట్టసభల కమిటీ.

ఆ దారి ఎలా ఉంటుందో, అది సరిగా లేకపోతే మన ఇళ్ళలో ఏమవుతుందో తెలియడానికి ఒక పెద్దాయన జీవితం చూస్తే చాలును. ఆయన మన రాయలసీమవారు, లోక్‌సభకు రెండవ స్పీకరు శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు. పేరు చాలామంది విని ఉంటారు. చేసిన పని ఈ తరం పిల్లలకు అంతగా తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆయన్ను ఎన్నుకున్నాను.

లెక్కల మాష్టారు, ప్లీడరు

అయ్యంగారు 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో, అంటే పద్మావతి అమ్మవారి సన్నిధిలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. ఆ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా వచ్చింది. 2022 నుంచి ఆ ఊరు తిరుపతి జిల్లాలో ఉంది.

తిరుపతి దేవస్థానం వారి హైస్కూలులో చదువుకొని, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో బి.ఏ., తరువాత మద్రాసు లా కళాశాలలో లా పూర్తిచేశారు. 1912లో లెక్కల మాష్టారుగా ఉద్యోగం మొదలుపెట్టి, 1915లో ప్లీడరు వృత్తిలోకి మారారు. పాత తీర్పులన్నీ నోటికి వచ్చునని పేరు తెచ్చుకున్నారు. లెక్కలలో తప్పు పట్టగల చూపు, చట్టంలో ప్రతి మాటనూ తూచగల అలవాటు ఆ రోజులలోనే పట్టుబడ్డాయనుకోవాలి. గాంధీగారు సహాయనిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు 1921-22లో ఒక ఏడాది ప్రాక్టీసు మానుకున్నారు.

1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అది 1919 చట్టం క్రింద నడిచే సభ. సభ వద్దన్న బిల్లును కూడా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో చట్టం చేయగలడు. అటువంటి చోట ప్రతిపక్ష సభ్యుని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, కాగితాలు క్షుణ్ణంగా చదివి వచ్చి సర్కారును నిలదీయడం. ఆ పనిలో అయ్యంగారు ఎంతటివారంటే, 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మను యుద్ధనౌక ఎమ్డెన్‌తో ఆయన్ను పోల్చేవారు. వ్యక్తి సత్యాగ్రహంలోను, క్విట్ ఇండియా ఉద్యమంలోను పాల్గొని 1940-44 మధ్య దాదాపు మూడేళ్ళు జైలులో గడిపారు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగసభలో సభ్యులు. 1948లో డిప్యూటీ స్పీకరు. 1950లో అంచనాల కమిటీ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వచ్చి మళ్ళీ డిప్యూటీ స్పీకరు అయ్యారు. 1956 ఫిబ్రవరిలో మొదటి స్పీకరు మవలంకర్‌గారు కాలం చేయగా, మార్చి 8న ఆ స్థానంలో కూర్చున్నారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి, తిరిగి ఏకగ్రీవంగా స్పీకరు అయ్యారు.

బిల్లు నడిచే దారి

స్పీకరు ముందుకు బిల్లు ఎలా వస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. మనకు ఫైలు నడక తెలుసును గనుక ఇది సులువుగానే అర్థమవుతుంది.

శాఖలో ప్రతిపాదన పుడుతుంది. న్యాయశాఖ డ్రాఫ్టు చేస్తుంది. మంత్రివర్గం ఒప్పుకుంటుంది. సంబంధిత మంత్రి ఏడు రోజుల ముందు సభకు నోటీసు ఇవ్వాలి. గడువు తగ్గించే అధికారం స్పీకరుది. బిల్లుకు ఎన్‌క్లోజర్లు ఉండాలి. ఎందుకు తెస్తున్నామో చెప్పే ఉద్దేశాల, కారణాల ప్రకటన తప్పనిసరి. ఖజానా మీద ఖర్చు పడేటట్లయితే ఆర్థిక మెమోరాండం, తరువాత నియమాలు తయారుచేసే అధికారం సర్కారుకు వదిలిపెడితే దానికి వేరే మెమోరాండం. ఇవి లేకుండా ఫైలు కదలదు.

ఆ రోజున మంత్రి లేచి, బిల్లు ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరతారు. ఎవరైనా వ్యతిరేకిస్తే స్పీకరు ఇరువురినీ క్లుప్తంగా మాట్లాడనిస్తారు. అసలు ఈ సభకు ఆ విషయం మీద చట్టం చేసే అధికారమే లేదని ఆక్షేపణ వస్తే పూర్తి చర్చకే అవకాశం ఇవ్వవచ్చు. సభ సరేనంటే బిల్లు ప్రవేశించినట్లు. వెంటనే గెజిట్‌లో పడుతుంది. దీన్నే మొదటి పఠనం అంటారు.

తరువాత నాలుగు దారులు. ఒకటి, సభే నేరుగా పరిశీలించడం. రెండు, సెలెక్టు కమిటీకి పంపడం. మూడు, రెండవ సభ సమ్మతితో ఉభయ సభల జాయింటు కమిటీకి పంపడం. నాలుగు, ప్రజాభిప్రాయం కోసం దేశమంతా తిప్పడం. ఏ దారో సభ తీర్మానిస్తుంది. లోక్‌సభ సెలెక్టు కమిటీకి అధ్యక్షుణ్ణి స్పీకరు నియమిస్తారు. కమిటీ సాక్షులను పిలుస్తుంది, క్లాజు వెంట క్లాజు చదువుతుంది, మాటలు మారుస్తుంది. ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతిని వ్రాసి నివేదికకు జతచేయవచ్చు. గడువు చెప్పకపోతే మూడు నెలలలోగా నివేదిక రావాలి. తుది మాట సభదే. కమిటీది సలహా మాత్రమే. కాని డ్రాఫ్టులో చిల్లు ఎక్కడుందో కనిపెట్టే చోటు అదే.

మంత్రులే కాదు, మామూలు సభ్యులూ బిల్లులు తేవచ్చు. వాటికి శుక్రవారం చివరి రెండున్నర గంటలు కేటాయిస్తారు. ఖాజ్మీగారు తెచ్చిన ముస్లిం వక్ఫుల బిల్లు 1954లో ఆమోదం పొందింది. అలా చట్టమైన మొదటి అనధికార బిల్లు అది. అయ్యంగారు స్పీకరైన 1956లోనే ఫిరోజ్ గాంధీగారి బిల్లు కూడా చట్టమైంది. పార్లమెంటులో జరిగినదాన్ని ఉన్నదున్నట్లు ప్రచురించే పత్రికలకు అది రక్షణ ఇచ్చింది. మరుసటి ఏడు అదే ఫిరోజ్ గాంధీగారు జీవిత బీమా సంస్థ సొమ్ము ముంద్రా కంపెనీలలో పెట్టడం గురించి సభలో నిలదీశారు. 1958లో ఆర్థికమంత్రి రాజీనామా చేయవలసివచ్చింది. బీమా ప్రీమియం కట్టిన ప్రతి గుమాస్తా సొమ్ముకూ సంబంధించిన విషయమది.

కట్నం బిల్లు

అయ్యంగారి కాలంలో అన్నిటికన్నా మన ఇళ్ళకు దగ్గరైనది వరకట్న నిషేధ బిల్లు. బీహారు 1950లోను, మన ఆంధ్రప్రదేశ్ 1958లోను తమ రాష్ట్రాలకు చట్టాలు చేసుకున్నాయి. దేశమంతటికీ కలిపి కేంద్రం 1959 ఏప్రిల్ 24న లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టింది. అది జాయింటు కమిటీకి వెళ్ళింది. కమిటీ సవరణలతో నివేదిక ఇచ్చింది. అక్కడితో తెమలలేదు. రెండు సభలకూ కుదరలేదు. ముఖ్యంగా కట్నం అంటే ఏమిటన్న నిర్వచనం దగ్గరే పేచీ. పెళ్ళిలో పెట్టే నగలు, బట్టలు, ఇచ్చే కానుకలు కట్నం క్రిందికి వస్తాయా రావా అన్నది తేలలేదు.

ఇటువంటప్పుడు రాష్ట్రపతి ఉభయ సభలనూ ఒకచోట సమావేశపరచవచ్చునని రాజ్యాంగంలోని 108వ అధికరణం చెబుతుంది. 1961 మే 6, 9 తేదీలలో ఆ సంయుక్త సమావేశం జరిగింది. రాజ్యాంగం వచ్చాక అదే మొదటిది. తరువాత మరి రెండు బిల్లులకు మాత్రమే, 1978లోను 2002లోను, ఆ అవసరం కలిగింది. రాజ్యసభ అధ్యక్షులు అప్పుడు తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్‌గారు. అయినా సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించవలసింది లోక్‌సభ స్పీకరే. అందుచేత తిరుచానూరు అయ్యంగారే ఆ రెండు రోజులూ సభ నడిపారు. ముందు నడిచినవారు లేని దారి అది. విభేదం ఉన్న అంశాలు దాటి చర్చ బయటికి పోకుండా చూడాలి. హాజరైన రెండు సభలవారి ఓట్లూ కలిపి లెక్కించి తేల్చాలి. నెహ్రూగారు కూడా అక్కడ మాట్లాడారు. బిల్లు నెగ్గి, 1961 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది.

అయితే దానిలో ఒక చిల్లు మిగిలిపోయింది. పెళ్ళి సమయంలో ఇచ్చే నగదు, నగలు, బట్టలు, వస్తువులు ఆ పెళ్ళికి ప్రతిఫలంగా ఇచ్చినవని తేలితే తప్ప కట్నం కావని ఒక వివరణ చేర్చారు. ప్రతిఫలమని తేల్చేదెవరు? ఇచ్చినవాడు చెప్పడు, పుచ్చుకున్నవాడు అసలే చెప్పడు. శిక్ష ఆరు నెలలకు మించదు, పోలీసులు తమంతట తాము అరెస్టు చేయడానికి లేదు.

ఆ చిల్లు విలువ ఎంతో మన జి.పి.ఎఫ్. సీట్లు చూసినవారికి తెలుసు. సర్వీసులో ఆ సీటు నేనూ చూశాను. పార్టు ఫైనల్ దరఖాస్తులలో కారణం గడి దగ్గర ఎక్కువగా కనబడిన మాట కుమార్తె వివాహం. అటెండరు మొదలు సూపరింటెండెంటు దాకా ఇరవై ఏళ్ళు కోసి దాచిన సొమ్ము ఒక్క సంతకంతో ఖాళీ అయ్యేది. అందులో ఎంత పెళ్ళి ఖర్చో, ఎంత కానుక పేరుతో చేతులు మారినదో ఏ రిజిస్టరులోను ఉండదు. చట్టంలో ఉన్న ఒక్క వివరణ, ఎన్నో ఇళ్ళలో గ్రాట్యుటీ దాకా తినివేసింది.

ఆ వివరణను తీసివేయడానికి 23 ఏళ్ళు పట్టింది. మళ్ళీ ఒక జాయింటు కమిటీ కూర్చుని, చట్టం పనిచేస్తున్న తీరు పరిశీలించిన తరువాత 1984లో సవరణ వచ్చింది. వివరణ పోయింది. కానుకలకు జాబితా వ్రాసి పెట్టాలన్న నియమాలు 1985లో వచ్చాయి. 1986లో శిక్ష కనీసం ఐదేళ్ళకు పెరిగింది. ఈలోగా పెళ్ళిళ్ళయిన ఆడపిల్లలకు మాత్రం ఆ సవరణ ఆలస్యంగానే వచ్చింది.

ఇందువల్ల కమిటీకి పంపడం వృథా అనుకోరాదు. కమిటీకి పంపినా నిర్వచనం దగ్గర ఇంత చిల్లు మిగిలితే, అసలు పంపకుండా ఒక్క పూటలో పాసైన బిల్లులో ఎన్ని మిగులుతాయో ఆలోచించండి. 1961లో తేలనిదాన్ని 1984లో తేల్చినది కూడా కమిటీ కూర్చుని చేసిన పనే.

నేటి పరిస్థితి

1993 నుంచి పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు ఉన్నాయి. మొదట 17, 2004 నుంచి 24. ఒక్కొక్కదానిలో 31 మంది, 21 మంది లోక్‌సభ వారు, 10 మంది రాజ్యసభ వారు. ప్రవేశపెట్టిన బిల్లును స్పీకరు గాని, రాజ్యసభ చైర్మన్ గాని వీటికి పంపవచ్చు. కాని పంపి తీరాలన్న నియమం లేదు. పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ వారి లెక్క ప్రకారం 15వ లోక్‌సభలో (2009-14) నూటికి 71 బిల్లులు కమిటీలకు వెళ్ళగా, 17వ లోక్‌సభలో (2019-24) నూటికి 16 మాత్రమే వెళ్ళాయి. ఏ పార్టీ వారికైనా ఈ అంకెలు మింగుడుపడేవి కావు.

మన వయసువారికి సంబంధించినదే చూడండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ బిల్లు 2007లో స్థాయీ సంఘానికి వెళ్ళి, అదే ఏడు చట్టమైంది. దానికి 2019లో సవరణ బిల్లు వచ్చింది. సంఘం 2021లో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత సభ దాన్ని చేపట్టలేదు. లోక్‌సభలో పెండింగులో ఉన్న బిల్లు ఆ సభ రద్దయితే మురిగిపోతుంది. మార్చి 31 దాటిన బడ్జెటు మాదిరిగానే 2024లో అది కూడా మురిగిపోయింది.

చివరి రోజులు

1962లో చిత్తూరు నుంచి మూడవ లోక్‌సభకు ఎన్నికైన కొద్ది రోజులకే అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళారు. 1967 వరకు అక్కడ ఉండి, తరువాత తమ తిరుపతికి వచ్చి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం బాధ్యత చూశారు. 1978 మార్చి 19న, ఎనభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన జీవితం నుంచి మన సంఘం నేర్చుకోవలసినది ఒకటుంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళినప్పుడు, సలహాలు పంపమని ప్రజలను కోరుతూ తరచు పత్రికలలో ప్రకటన వేస్తారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది ఎవరి కంట పడినా సంఘం ఆఫీసుకు చెప్పండి. డ్రాఫ్టు చదివి, క్లాజు నంబరు వేసి, కొర్రీ వ్రాయడం మనలో చాలామందికి చేతనైన పని. పెన్షను తీసుకుంటున్నాము గాని, ఆ విద్యకు రిటైరుమెంటు లేదు.