ఆరేళ్ల స్టేషను, జార్జి స్టీఫెన్‌సన్

రైల్వేల పితామహుడు జార్జి స్టీఫెన్‌సన్ అని పోటీ పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. కానీ ఆయనకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా చదవడం, రాయడం రాదన్న సంగతి మేము చదివిన ఏ గైడులోనూ కనబడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

1781 జూన్ 9న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర వైలం అనే బొగ్గుగనుల ఊళ్లో ఆయన పుట్టాడు. తండ్రి గనిలో నీళ్లు తోడే ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కార్మికుడు. తల్లిదండ్రులిద్దరికీ అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు ఆవులు కాసి, తర్వాత గనిలో చేరి, పదిహేడేళ్లకు యంత్రం నడిపే పనివాడయ్యాడు. కూలి డబ్బుల్లోంచి ఫీజు కట్టి రాత్రి బడికి వెళ్లాడు. జీతం చాలక చెప్పులు కుట్టాడు, గడియారాలు బాగుచేశాడు.

1806లో భార్య చనిపోయింది. కొడుకు రాబర్టుకు అప్పటికి మూడేళ్లు కూడా సరిగా లేవు. తనకు అందని చదువు వాడికి అందాలని న్యూకాజిల్‌లో మంచి బడిలో వేశాడు. కొడుకు తెచ్చిన పుస్తకాలను సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని చదివేవారు. మన దరఖాస్తుల మీద వేలిముద్ర వేసిన నాన్నలను తలుచుకుంటే ఈ ఘట్టం దగ్గర మాకు గొంతు పట్టేసింది.

1814లో ఆయన మొదటి రైలింజను తయారుచేశాడు. 1825లో స్టాక్‌టన్ - డార్లింగ్టన్ రైలుమార్గం ప్రారంభమైంది. అదే ఏడు లివర్‌పూల్ - మాంచెస్టర్ మార్గం బిల్లు మీద పార్లమెంటు కమిటీ ఆయన్ను పిలిచింది. పెద్ద లాయర్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆయన గనుల ప్రాంతపు యాస అక్కడ ఎగతాళి పాలైంది. ఇర్వెల్ నది మీద కట్టబోయే వంతెన ఎత్తు అడిగితే జవాబు చెప్పలేకపోయాడు. బిల్లు వీగిపోయింది. యాసను చూసి నవ్వడం అన్యాయమే. అయితే సర్వే కొలతల్లో తప్పులున్న మాట నిజం. కింది వాళ్లు తీసిన కొలతలను ఆయన సరిచూసుకోలేదు. పొగడ్తల్లో పడి ఈ సంగతి దాచడం మాకిష్టం లేదు. కంపెనీ ఆయన్ను పక్కన పెట్టి వేరేవాళ్లతో కొత్త సర్వే చేయించింది. 1826లో బిల్లు నెగ్గాక కట్టే పని మళ్లీ ఆయనకే అప్పగించింది.

దారిలో చాట్ మాస్ అనే పెద్ద బురద నేల ఉంది. ఎంత మట్టి పోసినా మింగేసేది. కొమ్మలు, పొదలు అల్లి తడికెల్లా పరిచి, వాటి మీద పట్టాలు తేలేలా చేశాడు. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ పోటీల్లో తండ్రీకొడుకుల ‘రాకెట్’ ఇంజను 500 పౌన్ల బహుమతి గెలిచింది.

1830 సెప్టెంబరు 15న మార్గం తెరిచారు. ఆ రోజే హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు రాకెట్ కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

లివర్‌పూల్ వైపు ప్రయాణికులు ఎక్కే స్టేషను పేరు క్రౌన్ స్ట్రీట్. ఒకే ప్లాట్‌ఫారం, పైన చెక్క కప్పు. రెండు నగరాల మధ్య ఆవిరి ఇంజన్లతో నడిచిన తొలి మార్గానికి మొదటి మజిలీ అదే. చిత్రమేమిటంటే రైలింజను అక్కడిదాకా వచ్చేది కాదు. స్టేషను ముందు 266 మీటర్ల సొరంగం ఉండేది. పెట్టెలను అందులోంచి తాడు కట్టి, ఒకచోట నిలిపి ఉంచిన యంత్రంతో పైకి లాగేవారు. పైగా అది ఊరి చివర. దిగినవాళ్లు గుర్రపు బళ్లెక్కి నగరంలోకి వెళ్లాలి. 1836 ఆగస్టులో ఊరి నడిబొడ్డున లైమ్ స్ట్రీట్ స్టేషను తెరిచాక క్రౌన్ స్ట్రీట్‌కు ప్రయాణికులు రావడం ఆగిపోయింది. అంతా కలిపి ఆరేళ్లు. విక్టోరియా రాణి గద్దెనెక్కేది ఆ మరుసటి ఏడు.

స్టీఫెన్‌సన్ 1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు తొలి అధ్యక్షుడయ్యాడు. అదే ఏడు కొడుకు రాబర్టు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, ఒకప్పుడు తండ్రిని నవ్వులపాలు చేసిన చోటికే. 1848 ఆగస్టు 12న చెస్టర్‌ఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ కన్నుమూశాడు.

క్రౌన్ స్ట్రీట్ మాత్రం బొగ్గు, సరుకుల యార్డుగా 1972 దాకా పనిచేసింది. ఇప్పుడక్కడ పార్కు ఉంది. కింద పోయే పాత సరుకుల సొరంగానికి గాలి అందించిన ఇటుక గోపురం ఒకటి గడ్డి మధ్య ఇంకా నిలబడి ఉంది.