మందు బిళ్ల కాదు.. ఉప్పే వైద్యం! గాయిటర్‌కు చెక్ పెట్టిన సిక్కోలు డాక్టర్

ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని రాసి ఉంటుంది. రోజూ చూస్తాం, పెద్దగా పట్టించుకోం. ఆ ఉప్పు మన వంటింటిదాకా రావడం వెనుక శ్రీకాకుళంలో పుట్టిన ఓ డాక్టర్ కష్టం ఉంది. ఆయనే వులిమిరి రామలింగస్వామి.

1921 ఆగస్టు 8న పుట్టిన ఆయన విశాఖలోని ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎండీ చేశారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ నుంచి డీఫిల్ కూడా అందుకున్నారు. ప్రాక్టీస్ పెట్టుకుంటే డబ్బుకు లోటుండేది కాదు. ఆయన మాత్రం పరిశోధన వైపు వెళ్లారు. నీలగిరి కొండల్లోని కూనూరులో పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ ల్యాబే తర్వాత హైదరాబాద్ వచ్చి ఇప్పటి ఎన్ఐఎన్ అయింది. సరైన తిండి లేకపోతే శరీరం లోపల ఏం జరుగుతుందన్నదే అక్కడ ఆయన పని.

అసలు కథ హిమాలయాల కింద కాంగ్రా లోయలో మొదలైంది. అక్కడ ఊరూరా గొంతు వాపే. దాన్నే గాయిటర్ అంటారు. వానలకు, వరదలకు కొండ నేలలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండిన గింజలోనూ అది ఉండదు. గొంతు వాపు పైకి కనిపించేది మాత్రమే. తల్లికి అయోడిన్ అందకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. పుట్టాక ఎంత మంచి తిండి పెట్టినా ఆ నష్టం తీరదు.

మరి కొండల్లో ఇంటింటికీ మందు ఎవరు మోస్తారు? అందుకే పేద, గొప్ప తేడా లేకుండా అందరూ తినే ఉప్పును ఎంచుకున్నారు. 1956లో మొదలైన ఈ అధ్యయనంలో సుమారు లక్ష మంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు చోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య భాగంలో మామూలు ఉప్పు ఇచ్చారు. 1962 నాటికి తేడా స్పష్టంగా తేలింది. అయోడిన్ ఉప్పు తిన్న చోట గాయిటర్ బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట అలాగే ఉంది. అన్నేళ్లు ఆగాల్సి వచ్చిన ఆ మధ్య ఊళ్ల వాళ్లకూ ఆ తర్వాత అయోడిన్ ఉప్పు అందింది. అదే ఏడాది కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది.

ఇక్కడో విషయం. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుకు పేరున్న చోటు. సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉంటుందిలే అనుకుంటాం. కానీ మడుల్లో ఎండి ఉప్పయ్యేసరికి మిగిలేది చాలా తక్కువ. విడిగా కలపాల్సిందే!

ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్, ఆ తర్వాత ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్, 1976లో పద్మవిభూషణ్.. పదవులకు, అవార్డులకు కొదవ లేదు. అయినా పిల్లల ఆకలి సంగతి వదల్లేదు. 1996లో యునిసెఫ్ కోసం మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో ఓ ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. ఆఫ్రికా కన్నా దక్షిణాసియాలోనే పిల్లలు ఎక్కువగా ఎందుకు బక్కచిక్కుతున్నారు? తిండి కొరత ఒక్కటే కారణం కాదని, ఇంట్లో ఆడవాళ్లకు విలువ లేకపోవడమే అసలు సమస్య అని తేల్చారు. తల్లి చిక్కిపోతే బిడ్డ తక్కువ బరువుతోనే పుడుతుంది. దానికి ఏ ఉప్పూ సరిపోదని ఆయనకు తెలుసు.

2001 మే 28న ఢిల్లీలో కన్నుమూశారు.