మొజాంబిక్ దీవిలో శౌరివారి క్రిస్మసు



శౌరయ్య, శౌరమ్మ, శౌరి అన్న పేర్లు వినిపించని విచారణ మనలో అరుదు. పిల్లలకు జ్ఞానస్నానంలో ఆ పేరు పెట్టుకుంటాం. డిసెంబరు 3న పునీత ఫ్రాన్సిసు శౌరివారి పండుగ జరుపుకుంటాం. ఆ మరునాటి నుండే నక్షత్రాలు కట్టడం, పశువుల పాక వేయడం, కొత్త బట్టలు కొనడం అనే పనుల్లో పడిపోతాం. మరి ఆ పునీతుడు తన క్రిస్మసును ఎక్కడ, ఎవరి మధ్య గడిపారో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ వారం మీకు 1541వ సంవత్సరపు క్రిస్మసు గురించి చెబుతాను. స్థలం ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న మొజాంబిక్ దీవి. అప్పటికి శౌరివారి వయస్సు 35 ఏళ్లు. ఇండియాకు బయలుదేరిన కొత్త వేదబోధకుడు ఆయన.

ఆయన 1506 ఏప్రిల్ 7న స్పెయిను ఉత్తరాన, నవారు రాజ్యంలోని ఒక కోటలో పుట్టారు. ఆ కోట పేరే మన నాలుకలపై శౌరి అయింది. పారిసు విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే అరిస్టాటిలు తత్వశాస్త్రం బోధించారు. గురువిద్యాలయంలో ఆ శాస్త్రం చదివినవాణ్ణి కనుక చెబుతున్నాను, నలుగురిలో పండితుడనిపించుకోవాలన్న కోరిక చిన్నది కాదు. ఆయన గదిలోనే ఉండి చదువుకున్న పునీత ఇగ్నేషియసువారు ఆ కోరికను మెల్లమెల్లగా దేవుని వైపు మళ్లించారు. 1537 జూన్ 24న వెనిసు నగరంలో శౌరివారు గురుపట్టం పొందారు. ఇండియాకు వెళ్లవలసిన మరొక సహోదరుడు జబ్బుపడగా, ఆయనకు బదులుగా 1540లో రోము నుండి బయలుదేరారు. ఇంత పెద్ద పిలుపు ఆయనకు వేరొకరి ఖాళీని నింపే పనిగా వచ్చింది!

1541 ఏప్రిల్ 7న, సరిగ్గా తన పుట్టినరోజున, లిస్బను రేవులో ఓడ ఎక్కారు. దారిలో సేవకుణ్ణి ఇస్తామని పెద్దలు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తన బట్టలు తాను ఉతుక్కొని, తన కుండ తాను పెట్టుకున్నందువల్ల గౌరవం పోదని భావించారు. ఆ రోజుల్లో ఓడలు గాలిని నమ్ముకొని నడిచేవి. ఆఫ్రికా దక్షిణపు కొస సకాలంలో దాటితే నైరుతి గాలి ఇండియాకు చేర్చేది. ఆలస్యమైతే మరుసటి గాలి కోసం నెలల తరబడి ఆగవలసిందే. శౌరివారి ఓడలు ఆలస్యమయ్యాయి. అందుచేత ఆరు నెలలు మొజాంబిక్‌లో ఉండిపోవలసి వచ్చింది.

ఆ ఆరు నెలల్లో జబ్బులు విపరీతంగా ప్రబలి, సుమారు 80 మంది చనిపోయారు. శౌరివారు, ఆయన సహచరులు పౌలు కమెరీనో, ఫ్రాన్సిస్కు మన్సిల్యాసు వేరే బస వెతుక్కోలేదు. ఆసుపత్రిలోనే రోగుల మధ్య ఉన్నారు. శౌరివారు రోగుల పాపసంకీర్తనాలు వినేవారు, దివ్యసత్ప్రసాదం ఇచ్చేవారు, చనిపోయేవారికి మంచి మరణం కలిగేలా తోడు కూర్చునేవారు. ఓడలో ఉన్నంతకాలం ప్రతి ఆదివారం ప్రసంగించారు. దీవిలోనూ వీలైనప్పుడల్లా ప్రసంగించారు. ఆ ఏడు బాలయేసు పుట్టినరోజు వారికి ఆ మంచాల మధ్యనే వచ్చింది.

1542 జనవరి 1న ఆయన రోములోని సహోదరులకు ఒక లేఖ వ్రాశారు. అప్పటికి ఆయన కూడా జ్వరంతో పడి ఉన్నారు. ఆనాటి వైద్యం ప్రకారం ఆయనకు పలుమార్లు రక్తం తీశారు. అయినా ఆ లేఖలో సణుగుడు లేదు, రోగుల సేవ గురించిన వార్తలే ఉన్నాయి. ఆ కాలం గురించి జీవిత చరిత్రల్లో ఒక సంఘటన కనిపిస్తుంది. జ్వరంతో ఉన్న శౌరివారిని పడుకోమని వైద్యుడు చెప్పాడట. మరణావస్థలో ఉన్న ఒక నావికుడి ఆత్మ సంగతి చూశాకే పడుకుంటానన్నారట. మరునాడు వైద్యుడు వచ్చి చూస్తే ఆ నావికుడు శౌరివారి పడక మీద ఉన్నాడు, శౌరివారు పక్కన ఉన్నారు. నావికుడు పాపసంకీర్తనం చేసి ఆనాటి సాయంత్రమే ప్రశాంతంగా కన్నుమూశాడట.

1542 మే 6న ఆయన గోవా చేరారు. అక్కడ కూడా ఆసుపత్రిలోనే బస చేశారు. ఆదివారాలు ఊరి వెలుపల ఉన్న కుష్ఠురోగుల వద్దకు వెళ్లి దివ్యబలిపూజ అర్పించేవారు. వారిలో ఒక్కరినీ వదలకుండా పాపసంకీర్తనం విని, సత్ప్రసాదం ఇచ్చారు. వారు ఆయనకు స్నేహితులయ్యారు. స్నేహం ఒక్కసారి వెళ్లి పండ్లు పంచి వచ్చినందువల్ల కలిగేది కాదు కదా! పది సంవత్సరాల తరువాత, 1552 డిసెంబరు 3న, చైనా తీరాన ఒక దీవిలో, క్రిస్మసుకు మూడు వారాల ముందు ఆయన ప్రభువును చేరారు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక విచారణలో మంచం పట్టిన పెద్దాయనకు ప్రతి మొదటి శుక్రవారం సత్ప్రసాదం తీసుకువెళ్లేవాణ్ణి. ఒక డిసెంబరులో పాటల పోటీలు, పాక అలంకరణ, చందాల లెక్కలు అంటూ ఆ శుక్రవారం వెళ్లలేదు. పండుగ అయ్యాక వెళ్దామనుకున్నాను. పండుగకు రెండు రోజుల ముందే ఆయన కన్నుమూశారు. ఆ శుక్రవారం ఉదయం స్నానం చేయించమని, దుప్పటి మార్చమని అడిగి, మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూస్తూ ఉన్నారని ఆయన కోడలు చెప్పింది. ఆమె నన్ను నిందించలేదు. అదే నన్ను ఈనాటికీ కలచివేస్తుంది. ఆ ఏడు మా గుడిలో పాక ఎంతో అందంగా ఉంది, కానీ ఆ ఇంటి గుమ్మంలో ప్రభువు కోసం ఎదురుచూసిన మనిషి దగ్గరకు నేను ఆయనను తీసుకువెళ్లలేదు.

క్రిస్మసు నాడు గుడి పట్టదు. తరువాతి ఆదివారం బల్లలు ఖాళీగా కనిపిస్తాయి. పండుగకు వృద్ధాశ్రమంలో కేకు పంచుతాం, మళ్లీ సంవత్సరం దాకా ఆ దారి తొక్కం. శౌరివారి నుండి ఈ ఏడు ఒక్క సంగతి నేర్చుకుందాం. మీ వీధిలో గుడికి రాలేని వారు ఒకరైనా ఉంటారు. పూజ అయ్యాక పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లండి. ఆనాటి సువిశేషం చదివి వినిపించండి, కలిసి పరలోక జపం చెప్పండి, కాసేపు కూర్చోండి. సత్ప్రసాదం కోరుకుంటున్నారేమో అడిగి మీ విచారణ గురువుకు చెప్పండి. ఆయన మరచిపోతే గుర్తు చేయండి, గురువులమైన మాకు కూడా అది అవసరం. క్రిస్మసు తరువాతి ఆదివారం కూడా వెళ్లండి, ఆ తరువాతి ఆదివారం కూడా.

శౌరివారి ప్రార్థనా సహాయంతో బాలయేసు మీ కుటుంబాలను దీవించునుగాక.