శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రము – మన కర్తవ్యము



మహాపురుషుని జన్మముచే కులము పావనమగునని పెద్దలందురు. కాని యా మహాపురుషుడు నడిచిన త్రోవను కులము నడువనిచో నా పావనత్వము మాటకు మాత్రమే మిగులును. కావున ఈ వార్షిక మహాసభా సంచికయందు శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రమును, విశేషించి ఉచ్చనీచ భేదముల విషయమున వారి నడవడి యెట్టిదో, సంగ్రహముగా విన్నవించుచున్నాను.

స్వామివారు 17వ శతాబ్దమునకు చెందినవారని మఠ సంప్రదాయము. పరిపూర్ణాచార్య, ప్రకృతాంబలకు జన్మించి, పాపాగ్ని మఠాధిపతులైన వీరభోజయాచార్య, వీరపాపమాంబల యింట పెరిగిరి. పీఠమునకు వారసులు కాదగిన వారయ్యు, దానిని విడిచి దేశాటనము చేయుచు బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పశువుల కాపరిగా కుదిరిరి. పగలు రవ్వలకొండపై ఆవులను మేపుచు, అచ్చటి గుహలో కూర్చుండి తాటియాకులపై కాలజ్ఞానము వ్రాసిరని ప్రతీతి. 2022వ సంవత్సరమున ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిదే యా బనగానపల్లె. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. తాను జీతమిచ్చి పెట్టుకొన్న కాపరియొక్క మహిమ నెరిగిన పిమ్మట అచ్చమ్మగారు యజమానురాలినను అభిమానమును విడిచి యతనికి శిష్యురాలయ్యెను. కలిమి విద్యకు తలవంచుట యరుదు. కూలివానియందలి విద్యకు తలవంచుట మరింత యరుదు. స్వామివారి తొలి శిష్యగణమున నొక స్త్రీ యిట్లు నిలిచినది.

అనంతరము స్వామివారు కందిమల్లాయపల్లె చేరిరి. నేడు కడప జిల్లాలో బ్రహ్మంగారిమఠమని పిలువబడుచున్న దా గ్రామమే. అచ్చట వడ్రంగము చేయుచు జీవించిరి. గోవిందమ్మగారిని వివాహమాడి సంసారమున నుండియే యోగమును బోధించిరి. చేతిపని జ్ఞానమునకు అడ్డు కాదని వారి జీవితమే చాటినది.

వారి శిష్యులలో అగ్రగణ్యుడు సిద్దయ్య. ముడుమాల గ్రామమున దూదేకుల కుటుంబమున పుట్టిన మహమ్మదీయుడు. తమ కుమారుడు కమ్మరి వడ్రంగుల కులమువాని నాశ్రయించెనని తలిదండ్రులు దుఃఖింపగా, ఆ వార్త కడప నవాబు చెవి సోకెను. నవాబు పిలిపింపగా సిద్దయ్య సలాము చేయలేదు. తన నమస్కారమును భరింపగల శక్తి గురువునకే కలదని చెప్పి, యెదుట నున్న బండకు నమస్కరింపగా నది పగిలెనని కథ. కథలోని అద్భుతమును నమ్మినను నమ్మకపోయినను, దాని భావము స్పష్టము: దూదేకులవాని భక్తి ప్రభువుల గౌరవముకంటె గొప్పదని జనులు తలచిరి.

మరియొక శిష్యుడు కక్కయ్య, మాదిగ కులమువాడు. శరీరమునందు షట్చక్రములును దేవతలును కలరని స్వామివారు బోధించుచుండగా చాటుననుండి విని, ఇంటికిపోయి, నిద్రించుచున్న భార్యను కోసి చూచెననియు, రక్తమాంసములు తప్ప మరేమియు కానక గురువుపై కోపించెననియు, స్వామివారు వాని గుడిసెకు పోయి యా యిల్లాలిని బ్రతికించిరనియు చెప్పుదురు. ఈ కథ చెప్పువారు కక్కయ్య జ్ఞానతృష్ణను మెచ్చుకొందురు. ఆ తృష్ణకు మూల్యము చెల్లించినది యొక స్త్రీ శరీరమని తలంచువారు తక్కువ. అంటరానివాడని లోకము త్రోసివేసిన పురుషుడును తన యింటి స్త్రీని తనకు లోబడిన వస్తువుగా చూచెను. అణగద్రొక్కబడినవాడు తన క్రింద నింకొకరిని వెదకుకొనుట లోక స్వభావము. స్వామివారు మాదిగవాడలో అడుగిడుటయే గాక యా స్త్రీకి ప్రాణమిచ్చుట యిందు ప్రధానము.

వైశాఖ శుద్ధ దశమినాడు స్వామివారు సజీవసమాధి నొందిరి. అంతకు ముందు సిద్దయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపిరట. కందిమల్లాయపల్లెకును బనగానపల్లెకును నడుమ మన ఆళ్లగడ్డ సీమ యున్నది. సిద్దయ్య తిరిగివచ్చి సమాధిపై పడి విలపింపగా, స్వామివారు దర్శనమిచ్చి దండమును, పాదుకలను, శిఖాముద్రికను అతనికే ప్రసాదించిరి. కన్న కుమారులుండగా నిది జరిగినదని మరువరాదు. గోవిందమ్మగారిని వైధవ్య చిహ్నములు ధరింపవద్దని ఆజ్ఞాపించిరి. వారి మనుమరాలు ఈశ్వరమ్మగారు వివాహమాడక తపోనిష్ఠతో జ్ఞానబోధ గావించిరి. ఆమె పేరి మఠము నేటికిని ఆ గ్రామమున వెలయుచున్నది.

ఇక మన సంగతి. ఇనుము, కొయ్య, కంచు, శిల, బంగారము అను నైదు వృత్తులు మనవి. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దేశదేశముల గుడులలో పూజలందుకొనుచున్నవి. అయినను వేదాధికారము మనకు లేదన్నవారివలన మన పెద్దలు పెక్కు అవమానములు పొందిరి. ఆ బాధ యెరిగిన మనమే బంగారము పట్టిన చేయి కొలిమి పట్టిన చేతికంటె మిన్న యనుకొనవచ్చునా? సంబంధములు చూచునప్పుడు వృత్తిని బట్టియు, ధనమును బట్టియు హెచ్చుతగ్గులు లెక్కింపవచ్చునా? 1950వ సంవత్సరమున అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. కుమార్తెకు పిత్రార్జిత సంపదలో సమభాగమును ఆంధ్రప్రదేశము 1985లోను, దేశమంతయు 2005లోను చట్టముచే కల్పించినవి. చట్టము వీధిగుమ్మము వరకు రాగలదు. లోపలికి మనమే పిలువవలెను. ఆడుబిడ్డచేత హక్కు వదలుకొన్నట్లు సంతకము పెట్టించుకొని, సాయంకాలము బ్రహ్మంగారి తత్త్వములు పాడుట భక్తి కానేరదు.

స్వామివారు మనవారని గర్వించుట తగును. మనవారు మాత్రమే యనుట తగదు. పాదుకలు ముడుమాల సిద్దయ్యకు చెందినవి. మీదివారివలన పొందిన అవమానమును క్రిందివారికి పంచిపెట్టకుండుటయే ఆయనకు మనము చేయదగిన ఆరాధనము. శ్రీ స్వామివారి అనుగ్రహముచే ఈ మహాసభ అట్టి సద్బుద్ధిని మన కందరికి ప్రసాదించుగాక!